మొదటి స్కేల్ మోడల్: ముందు గాలిలోకి, తర్వాత టేబుల్ మీదికి

పైపర్ జే-3 కబ్ అనే రెండు సీట్ల చిన్న విమానాన్ని రేడియోతో నడిపే మోడల్‌గా ఆరో వంతు స్కేల్‌లో, ప్లాన్ చూసుకుంటూ బాల్సా అనే తేలిక కలపతో కడుతున్నానని, ఫ్రేమ్ పూర్తయింది కానీ కవరింగ్ (ఫ్రేమ్ మీద బిగించే పైపొర) ఇంకా మొదలుపెట్టలేదని, రెండున్నర నెలల్లో మీ ఫ్లయింగ్ క్లబ్ ప్రదర్శన ఉందని రాశారు. ఆ రోజు మోడల్‌ను న్యాయనిర్ణేతల ముందు టేబుల్ మీద పెట్టడంతోపాటు ఎగరేసి కూడా చూపాలన్నది మీ కోరిక. వివరాల పని ఎంతవరకు చేయాలి, తోక బరువైతే ముక్కులో సీసం పెట్టవచ్చా, మొదటిసారి ఎప్పుడు ఎగరేయాలి అని అడిగారు. చివరి ప్రశ్నకు ముందుగా జవాబు చెబుతాను, ఎందుకంటే మిగతా రెండింటి జవాబులూ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. ప్రదర్శనకు కనీసం మూడు వారాల ముందు, కవరింగ్ మాత్రమే పూర్తయి అలంకరణ ఏదీ లేని స్థితిలో ఎగరేయండి. డమ్మీ ఇంజన్, కాక్‌పిట్, పైలట్ బొమ్మ, రిజిస్ట్రేషన్ అక్షరాలు అన్నీ ఆ తర్వాతి పనులు.

ఇలా చెప్పడానికి కారణం బరువు. అసలు కబ్ రెక్కల పొడవు 10.74 మీటర్లు, రెక్కల వైశాల్యం సుమారు 16.6 చదరపు మీటర్లు. ఆరో వంతుకు తగ్గిస్తే మీ మోడల్ రెక్క పొడవు 1.79 మీటర్లు, వైశాల్యం 46 చదరపు డెసిమీటర్లు అవుతాయి. బ్యాటరీతో కలిపి మోడల్ 2.3 కిలోల బరువు ఉంటే ఒక్కో చదరపు డెసిమీటరు మీద 50 గ్రాములు పడతాయి, స్టాల్ వేగం, అంటే అంతకంటే తగ్గితే రెక్కలు మోడల్‌ను మోయలేని వేగం, గంటకు 28 కిలోమీటర్ల దగ్గర ఉంటుంది. అలంకరణతో అదే మోడల్ 3 కిలోలకు చేరితే స్టాల్ వేగం 32 కిలోమీటర్లకు పెరుగుతుంది. తేడా నాలుగు కిలోమీటర్లే కదా అనిపించవచ్చు. కానీ దిగేటప్పుడు చక్రాల కాళ్లు తట్టుకోవలసిన శక్తి బరువుతోపాటు వేగపు వర్గాన్ని బట్టి కూడా పెరుగుతుంది కాబట్టి అది దాదాపు 1.7 రెట్లు అవుతుంది. గాలిలో కనిపించే తీరులోనూ తేడా వస్తుంది. అసలు కబ్ గంటకు 120 కిలోమీటర్ల వేగంతో సాగే విమానం, ఆరో వంతు మోడల్ 50 కిలోమీటర్ల దరిదాపుల్లో ఎగిరితేనే కంటికి సహజంగా కనిపిస్తుంది. బరువెక్కిన మోడల్ పడిపోకుండా ఉండాలంటే వేగంగా ఎగరాలి, వేగంగా ఎగిరే కబ్ ఎంత నేర్పుగా కట్టినా బొమ్మలాగే కనిపిస్తుంది.

ఇక సీసం సంగతి. పెట్టవచ్చు, కానీ అది చిట్టచివరి మార్గం. మీ మోడల్‌లో గరిమనాభి (మోడల్ సమతూగే బిందువు) నుంచి తోక కొనకు దాదాపు 75 సెంటీమీటర్లు, ముక్కుకు 30 సెంటీమీటర్లు ఉంటాయి. అంటే తోకలో అదనంగా చేరిన 20 గ్రాములను సరిదిద్దడానికి ముక్కులో 50 గ్రాములు కావాలి, మొత్తం మీద మోడల్ 70 గ్రాములు బరువెక్కుతుంది. అందుకే తోక భాగాలైన స్టెబిలైజర్ (కదలని అడ్డ రెక్క), ఎలివేటర్ (దాని వెనక పైకీ కిందికీ కదిలే పలక), రడ్డర్ (పక్కలకు కదిలే నిలువు పలక) అన్నింటినీ కవరింగ్‌కు ముందే విడిగా తూకం వేయండి. ఒకే కొలత ఉన్న రెండు బాల్సా పలకల్లో ఒకటి రెండోదానికి రెట్టింపు బరువు ఉండటం మామూలే, ఎందుకంటే ఆ చెట్టు కలప సాంద్రత ఘనపు మీటరుకు 100 కిలోల లోపు నుంచి 200 దాటేవరకు మారుతుంది. తోక భాగాలకు బరువైన పలక వాడారని తేలితే మొహమాటం లేకుండా వాటిని మళ్లీ కట్టండి. రెండు సాయంత్రాల పని అది, ఆ తర్వాత ఏడాదంతా సీసం మోయనవసరం ఉండదు. తోకచక్రం వైరు, హింజులు (కదిలే పలకల కీళ్లు), పుష్‌రాడ్ (ఆ పలకలను కదిపే కడ్డీ) చివరలు కూడా ఆ బరువు లెక్కలోకే వస్తాయి. ఎలివేటర్, రడ్డర్ సర్వోలను (వాటిని కదిలించే చిన్న మోటార్లను) తోకలో కాక రెక్క కింద, వీలైతే గరిమనాభికి ముందు అమర్చండి. ఇవన్నీ చేశాక కూడా ముక్కు తేలికగా ఉంటే ముందు బ్యాటరీని మోటార్ గోడ వరకు జరిపి చూడండి. సీసం మాట అప్పుడు ఆలోచించవచ్చు.

కవరింగ్ మొదలుపెట్టే ముందు ఒక రోజు పూర్తిగా కొలతలకు కేటాయించండి. రెక్కను బోల్టులతో బిగించి, రెండు రెక్కల కొనల నుంచి తోక మధ్యబిందువుకు దారం పట్టి కొలిస్తే రెండు పొడవులూ రెండు మిల్లీమీటర్ల తేడాలోపు ఉండాలి. ఎదురుగా నాలుగడుగుల దూరంలో నిలబడి ఒక కన్ను మూసి చూస్తే రెక్క, స్టెబిలైజర్ సమాంతరంగా కనిపించాలి. న్యాయనిర్ణేతలు కూడా ముందుగా చూసేది ఇదే. వంకరగా కూర్చున్న తోకను ఎంత మంచి రంగూ దాచలేదు. రెక్క కోణం స్టెబిలైజర్ కోణం కంటే ఒకటిన్నర నుంచి రెండు డిగ్రీలు ఎక్కువ ఉండేలా ప్లాన్‌లో చూపి ఉంటారు, దాన్ని కోణమాపకంతో సరిచూసుకోండి. 1871 ఆగస్టులో పారిస్‌లోని ట్యూలరీ తోటలో ఆల్ఫోన్స్ పెనో రబ్బరు పట్టీతో నడిచే చిన్న మోడల్‌ను జనం ముందు 11 సెకన్లపాటు, దాదాపు 40 మీటర్ల దూరం ఎగరేసినప్పుడు దాన్ని నిలకడగా ఉంచింది వెనక తోకకూ రెక్కకూ మధ్య ఉన్న ఈ కోణ భేదమే. మోడల్ విమానాల బహిరంగ ప్రదర్శన అంటే నాకు ఎప్పుడూ ముందుగా ఆ 11 సెకన్లే గుర్తొస్తాయి.

కవరింగ్‌కు ఏది వాడాలో మీరు అడగలేదు కానీ కబ్ విషయంలో అది ముఖ్యం. అసలు విమానం మీద ఉన్నది డోప్ (గుడ్డను బిగించే లాకర్) పూసిన నూలు గుడ్డ. తళతళలాడే ప్లాస్టిక్ ఫిల్మ్ వేస్తే పది మీటర్ల దూరం నుంచే తేడా తెలిసిపోతుంది. ఇస్త్రీ వేడికి బిగిసే నేత కవరింగ్ ముందే రంగు వేసిన రకం దొరికితే అదే వాడండి. అది ఫిల్మ్ కంటే కొంత బరువైనదే, అయినా మళ్లీ రంగు పూయనవసరం లేదు కాబట్టి చివరికి లాభమే. రంగు పూయవలసి వస్తే మాత్రం ప్రతి పూతకు ముందూ తర్వాతా తూకం వేసి రాసుకోండి. రెండో పూత నిజంగా అవసరమా అన్నది ఆ కాగితం చూస్తే తెలుస్తుంది.

వేసే క్రమంలో ముందు రెక్క అడుగుభాగం, తర్వాత పైభాగం వేయండి. అప్పుడు అతుకు కిందివైపుకు, గాలి వాలుకు అనుగుణంగా వస్తుంది. అంచులన్నీ అంటించి, మధ్యభాగాన్ని చిట్టచివర బిగించండి. ఈ బిగించే దశలోనే రెక్క మెలిపడుతుంది, అయితే ఆ మెలిని మనకు కావలసిన దిశలో పెట్టుకోగలిగేది కూడా అప్పుడే. కబ్‌కు రెక్క కొనల దగ్గర రెండు డిగ్రీల వాషౌట్, అంటే కొన వైపు రెక్క కోణం తగ్గేలా పెట్టే మెలి, చాలా మేలు చేస్తుంది. మీ రెక్క వెడల్పు 26.7 సెంటీమీటర్లు కాబట్టి రెండు డిగ్రీలంటే వెనకంచు కొన దగ్గర 9 మిల్లీమీటర్ల ఎత్తు. రెక్కను చదునైన బల్లకు బిగించి, వెనకంచు కొన కింద 9 మిల్లీమీటర్ల చెక్కముక్క పెట్టి, అలాగే పట్టి ఉంచి పైనా కిందా వేడి చేయండి. పూర్తిగా చల్లారేవరకు కదపవద్దు. రెండు రెక్కలకూ ఒకే చెక్కముక్క వాడండి, ఎందుకంటే వాషౌట్ రెండున్నర డిగ్రీలైనా ఇబ్బంది లేదు కానీ రెండు వైపులా వేరువేరుగా ఉంటే మోడల్ స్టాల్ అయిన ప్రతిసారీ ఒకే పక్కకు పడిపోతుంది.

మోటార్ విషయం త్వరగా ముగిస్తాను. ఇలాంటి నెమ్మది మోడల్‌కు కిలో బరువుకు 220 వాట్లు సరిపోతాయి, అంటే మీకు సుమారు 500 వాట్లు. నాలుగు సెల్‌ల లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ 14.8 వోల్టుల దగ్గర 35 ఆంపియర్లు ఇస్తే అంత శక్తి వస్తుంది. వాట్‌మీటర్ పెట్టి కొలవండి, మోటార్ పెట్టె మీది అంకెలను నమ్మవద్దు. అసలు కబ్ ప్రొపెల్లర్ సుమారు 1.83 మీటర్లు, ఆరో వంతుకు 30.5 సెంటీమీటర్లు, అంటే సరిగ్గా 12 అంగుళాలు. కాబట్టి చాలా స్కేల్ మోడళ్లకు కావలసినట్టు టేబుల్‌కొకటి, ఎగరడానికొకటి అంటూ మీకు రెండు ప్రొపెల్లర్లు అక్కరలేదు. మోటార్ చల్లబడటానికి కౌలింగ్ (మోటార్ చుట్టూ ఉండే కవచం) లోపలికి గాలి వెళ్లే దారి ఎంత ఉందో, వేడి గాలి బయటికి వచ్చే దారి అంతకంటే పెద్దదిగా ఉండాలి.

మొదటి ఎగురుడుకు ముందు గరిమనాభిని రెక్క ముందంచు నుంచి 72 మిల్లీమీటర్ల దగ్గర, అంటే వెడల్పులో 27 శాతం దగ్గర పెట్టండి. బ్యాటరీ, ప్రొపెల్లర్, చక్రాలు అన్నీ అమర్చిన తర్వాతే ఈ కొలత చూడాలి. ఆ తర్వాత మోడల్ వెనక నిలబడి ట్రాన్స్‌మిటర్ (చేతిలోని రేడియో కంట్రోల్ పెట్టె) స్టిక్‌ను కుడికి కదిపి, కుడి ఎయిలరాన్ (రెక్క వెనకంచున కదిలే పలక) పైకి లేస్తున్నదో లేదో కళ్లతో చూసి, గట్టిగా పైకి చెప్పండి. కొత్త మోడళ్లు మొదటి పది సెకన్లలోనే కూలడానికి తరచుగా కనిపించే కారణం తిరగబడ్డ ఎయిలరాన్. ప్రతి హింజును చేత్తో లాగి చూడండి. ట్రాన్స్‌మిటర్‌ను రేంజ్ చెక్ (తగ్గించిన శక్తితో సిగ్నల్ పరీక్ష) స్థితిలో పెట్టి, దాని పుస్తకంలో చెప్పిన దూరం వరకు వెళ్లి, ముందు మోటార్ ఆపి, తర్వాత మోటార్ తిప్పుతూ రెండుసార్లు పరీక్షించండి. మోటార్ తిరుగుతున్నప్పుడు మోడల్‌ను మరొకరు గట్టిగా పట్టుకోవాలి. ట్రాన్స్‌మిటర్ ఆపేస్తే థ్రాటిల్ (మోటార్ శక్తి) సున్నాకు పడిపోయేలా ఫెయిల్‌సేఫ్ అమరిందో లేదో ప్రొపెల్లర్ తీసేసి చూసుకోండి.

మీకు ఇదే మొదటి తోకచక్రపు మోడల్ అయితే గాలి దాదాపు లేని వేళ ఎంచుకుని, క్లబ్‌లో కబ్ ఎగరేసిన సభ్యులెవరినైనా పక్కన నిలబెట్టుకోండి. థ్రాటిల్‌ను ఒక్కసారిగా తెరవకుండా మూడు నాలుగు సెకన్లలో నెమ్మదిగా పెంచుతూ, ముక్కు ఎడమకు లాగుతుంది కాబట్టి కుడి రడ్డర్‌కు సిద్ధంగా ఉండండి. ఎత్తుకు వెళ్లాక చేయవలసినవి మూడు పనులు. సగం థ్రాటిల్‌లో నేరుగా సాగేలా ట్రిమ్ (స్టిక్ మధ్యస్థానపు చిన్న సర్దుబాటు) చేయడం, ఆ ఎత్తులోనే థ్రాటిల్ తగ్గించి స్టాల్ ఎలా వస్తుందో చూడటం, థ్రాటిల్ పెంచినప్పుడు ముక్కు ఎంత లేస్తుందో గమనించడం. ముక్కు మరీ లేస్తుంటే మోటార్ మౌంట్ పైరెండు బోల్టుల వెనక ఒక్కొక్క వాషర్ వేసి మోటార్‌ను కొద్దిగా కిందికి వంచండి. దీన్ని ఎలివేటర్ ట్రిమ్‌తో సరిచేయాలని చూస్తే థ్రాటిల్ తగ్గించగానే మోడల్ ముక్కు దించుకుంటుంది. ఇక గరిమనాభి సరిగా ఉందో లేదో తెలియాలంటే, చాలినంత ఎత్తులో థ్రాటిల్ తగ్గించి ముప్పై డిగ్రీల వాలుకు దించి స్టిక్ వదిలేయండి. నెమ్మదిగా ముక్కెత్తితే సరిగ్గా ఉన్నట్టు, చటుక్కున ఎత్తితే ముక్కు బరువు, ఇంకా లోతుకు దూకితే తోక బరువు. ఆఖరిది కనిపిస్తే వెంటనే దించి బ్యాటరీ ముందుకు జరపండి.

కబ్‌కు ఒక గుణం ఉంది, దాన్ని ప్రదర్శనలోపు మచ్చిక చేసుకోవాలి. కేవలం ఎయిలరాన్‌తో కుడికి తిప్పబోతే ముక్కు ముందు ఎడమకు జరిగి, ఆ తర్వాత అయిష్టంగా కుడికి వస్తుంది. కిందికి వాలిన ఎయిలరాన్ లాగుడే దీనికి కారణం. పైకి కదిలే ఎయిలరాన్‌కు కిందికి కదిలేదాని కంటే రెట్టింపు కదలిక ఇవ్వండి, ప్రతి మలుపులోనూ రడ్డర్‌ను కలిపి వాడండి. ట్రాన్స్‌మిటర్‌లో మిక్స్ (ఎయిలరాన్‌తోపాటు రడ్డర్ దానంతటదే కదిలే అమరిక) పెట్టుకోవచ్చు కానీ నేను ఆ సలహా ఇవ్వను, ఎందుకంటే మిక్స్‌కు అలవాటుపడిన వేలు దిగే వేళ అడ్డుగాలిలో రడ్డర్‌ను మరిచిపోతుంది. మూడు వారాలు అడిగింది ముఖ్యంగా ఇందుకే.

ఇప్పుడు టేబుల్ సంగతి. ఎఫ్‌ఏఐ (ప్రపంచ వైమానిక క్రీడల సమాఖ్య) అంతర్జాతీయ స్కేల్ పోటీల్లో మోడల్ అసలు విమానంలా ఉందని నిరూపించవలసిన బాధ్యత పోటీదారుడిదే. పక్కనుంచి, ముందునుంచి, పైనుంచి ఆకారం, గుర్తులు, రంగు, పైపొర తీరు, పనితనం అన్నవాటికి విడివిడిగా మార్కులు ఉంటాయి. మీ క్లబ్ నియమాలు అంత కఠినంగా ఉండకపోవచ్చు, అయినా పద్ధతి అదే పాటించండి. కబ్‌లు దాదాపు ఇరవై వేలు తయారయ్యాయి, రంగులూ గుర్తులూ అన్నింటికీ ఒకేలా లేవు. కాబట్టి కబ్ అనే రకాన్ని కాక, ఒకే రిజిస్ట్రేషన్ ఉన్న ఒకే విమానాన్ని ఎంచుకోండి. దాని ఫోటోలు ఎడమ, కుడి, ముందు వైపులవి, మూడు కోణాల డ్రాయింగ్, రంగుకు ఆధారంగా ఒక స్పష్టమైన ఫోటో, ఇవి చాలు. ఫోటోలో కనిపించనిదేదీ చేయవద్దు, కనిపించేదాన్ని వదలవద్దు.

వివరాల్లో బరువు తక్కువ, ప్రభావం ఎక్కువ ఉన్నవాటిని ముందు చేయాలి. కబ్ ముక్కు మీద, విండ్‌షీల్డ్‌కు ముందు ఇంధనపు ట్యాంకు మూతలోంచి ఒక సన్నని తీగ నిటారుగా పైకి వస్తుంది. ట్యాంకులో తేలే బెండుకు గుచ్చిన ఆ తీగే ఇంధన సూచిక. ఒక గిటారు తీగముక్కతో దాన్ని చేయవచ్చు, గ్రాము కూడా బరువు ఉండదు, కబ్ తెలిసినవారి కన్ను మాత్రం ముందు అక్కడికే వెళుతుంది. కౌలింగ్‌కు రెండు పక్కలా బయటికి పొడుచుకొచ్చే సిలిండర్ తలలు కూడా తప్పనిసరి. వాటిని గట్టి ప్లాస్టిక్‌తో కాక పలుచని బాల్సా బిళ్లలు పేర్చి చేయండి. తలుపు కుడివైపే ఉంటుంది, అడ్డంగా రెండుగా చీలి పైసగం పైకి, కిందిసగం కిందికి తెరుచుకుంటుంది. అది తెరిచి ఉంచి ఎగిరే విమానమే కాబట్టి మీరూ తెరిచి చూపవచ్చు, కానీ అలా ఎగరేయాలనుకుంటే ఒకసారి తెరిచి ఎగరేసి ట్రిమ్ మారుతున్నదేమో ముందే చూసుకోండి.

పైలట్ బొమ్మ ఒక్కటే పెడుతున్నట్టయితే వెనక సీట్లో పెట్టండి. జే-3లో ఒంటరిగా ఎగిరే పైలట్ బరువు సమతూకం కోసం వెనక సీట్లోనే కూర్చుంటాడు. ముందు సీట్లో ఒంటరి బొమ్మను చూసిన న్యాయనిర్ణేత ఇక మిగతా విషయాలను అనుమానంతోనే చూస్తాడు. ఆ బొమ్మ మీ మోడల్‌లో గరిమనాభికి వెనక పడుతుంది కాబట్టి లోపల గుల్లగా ఉన్న ఫోమ్ బొమ్మ ఎంచుకోండి. పెట్టాక సమతూకం మళ్లీ చూడండి. ఇన్‌స్ట్రుమెంట్ ప్యానెల్‌ను కాగితం మీద ముద్రించి అంటించడమే చాలు, ఆరో వంతులో అంతకంటే లోతుగా వెళ్లినా ఎవరికీ కనిపించదు. కబ్ పక్కల ఉండే మెరుపు ఆకారపు నల్లని గీతను పెయింట్ చేయకుండా అదే కవరింగ్ నలుపు ముక్కలోంచి ఒకే పట్టీగా కత్తిరించి అంటించండి. రెండు పక్కలవీ ఒకే కాగితపు అచ్చు నుంచి, ఒకటి తిరగేసి తీస్తే సమానంగా వస్తాయి. రెక్క కింది స్ట్రట్‌ల (ఊతకడ్డీల) విషయం మీ ప్లాన్‌లో జాగ్రత్తగా చదవండి. అవి బరువు మోసేవైతే వాటి పిన్నులను ప్రతి ఎగురుడుకు ముందూ చూడాలి, అవి లేకుండా పరీక్షకు కూడా ఎగరేయకూడదు.

ఎగరేసి చూపేటప్పుడు కొత్త విన్యాసాలేమీ పెట్టుకోవద్దు. స్కేల్ పోటీల్లో కూడా టేకాఫ్, ఎనిమిది అంకె ఆకారపు మలుపు, తక్కువ థ్రాటిల్‌తో కిందికి దిగుతూ చేసే పూర్తి వలయం, ల్యాండింగ్ వంటివాటికే విలువ ఎక్కువ. కబ్‌కు అవి చక్కగా నప్పుతాయి. వీటికి తోడు ప్రేక్షకులకు సమాంతరంగా ఒక నెమ్మదైన దాటుడు చాలు. దాన్ని క్లబ్ గీసిన భద్రతా రేఖకు బాగా అవతల చేయండి, మలుపులన్నీ జనానికి దూరంగా తిరిగేలా ప్లాన్ చేసుకోండి. పక్కన ఒకరు నిలబడి ఇతర మోడళ్లు ఎక్కడున్నాయో, సమయం ఎంతైందో చెబుతుండాలి. మీ బ్యాటరీ ఎంతసేపు వస్తుందో ముందే తెలుసుకోవడానికి ప్రతి ఎగురుడు తర్వాత ఛార్జర్ తిరిగి నింపిన మిల్లియాంపియర్ అవర్లు రాసుకోండి, బ్యాటరీ సామర్థ్యంలో 70 శాతం దాటకుండా టైమర్ పెట్టండి. గాలి దిశ మారి మొదటి ప్రయత్నంలో దిగలేకపోతే మరో చుట్టుకు మిగిలేది ఆ ముప్పై శాతమే.

టేబుల్ మీద ఉన్నంతసేపూ బ్యాటరీ మోడల్ లోపల ఉండకూడదు. ఎవరో పక్కనే ట్రాన్స్‌మిటర్ తాకితే ప్రొపెల్లర్ తిరిగే అవకాశం వదలడం క్షమించరానిది, న్యాయనిర్ణేత వేళ్లు అక్కడే ఉంటాయి. ఎండలో ఎక్కువసేపు పెడితే కవరింగ్ వదులై ముడతలు పడుతుంది కాబట్టి నీడలో పెట్టి, రెక్క కింద మెత్తని స్టాండ్ ఉంచండి. ప్రదర్శన తర్వాత కొన్ని రోజులు ఎగరేయకపోతే బ్యాటరీలను ఒక్కో సెల్ 3.8 వోల్టుల దగ్గర ఉంచి దాచండి.

చివరగా, మూడు వారాల ముందు అని నేను పెట్టిన గడువుకు మీ మోడల్ ఎగరకపోతే, ఆ సంవత్సరానికి దాన్ని టేబుల్ మీద మాత్రమే చూపండి. ఎగిరే విభాగంలో మీ పాత ట్రైనర్ (శిక్షణ) మోడల్‌ను నమోదు చేసుకోండి. కవరింగ్ కూడా పూర్తికాకపోతే ఫ్రేమ్‌నే తీసుకువెళ్లండి. రిబ్బులు, స్పార్‌లు, అతుకులు బయటికి కనిపించే కబ్ చుట్టూ క్లబ్‌లోని అనుభవజ్ఞులు తప్పక గుమికూడతారు, కవరింగ్ వేశాక ఎవరూ చూడలేని పనిని వాళ్లు అప్పుడే చూసి చెప్పగలుగుతారు.